మన డిటెక్టివ్‌కి సెలవెప్పుడు?

తెలుగులో మంచి క్రైమ్ నవల ఎందుకు రావట్లేదు? పుస్తకాలవాళ్ళు నలుగురు చేరితే ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. జవాబులు కూడా తయారుగా ఉంటాయి. మనకి ప్రైవేట్ డిటెక్టివులే లేరు కదా అని ఒకరు. ఫోరెన్సిక్స్ తెలిసిన రచయితలు లేరని ఇంకొకరు. ఓటీటీ వచ్చాక నవలతో పనేముంది అని మరొకరు. ఎక్కువమంది మాత్రం ట్విస్టుల దగ్గరే ఆగిపోతారు. మనవాళ్ళ ట్విస్టులు ముందే తెలిసిపోతాయట!

ఇవేవీ అసలు కారణాలు కావు. మన కథల్లో డిటెక్టివ్ ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటాడు. వాడికి సెలవు లేదు, అలసట లేదు, పెళ్ళాం ఆస్పత్రిలో ఉండదు, ఏ ఊళ్ళోనూ ఊరికే కూర్చోడు. కాబట్టి వాడికి ఊరు కనిపించదు. వాడికి కనిపించని ఊరు మనకీ కనిపించదు. నా ఫిర్యాదు ఇంతే. మిగతాదంతా దీనికి వివరణ.

ముందు సెలవులో ఉన్న ఒక డిటెక్టివ్ గురించి చెప్తాను. జార్జ్ సిమెనాన్ తన మెగ్రే నవలలు 75 రాశాడు. వాటిలో 1948లో వచ్చిన ఒక నవలలో మెగ్రే భార్యతో కలిసి ఫ్రాన్స్ పడమటి తీరంలో లె సాబ్ల్ దోలోన్ అనే ఊరికి సెలవు మీద వెళ్తాడు. వెళ్ళగానే ఆవిడకి అపెండిసైటిస్ ఆపరేషన్. నన్‌లు నడిపే ఆస్పత్రిలో ఆవిడుంటే, ఈయన రోజూ మధ్యాహ్నం ఒకే టైముకి వెళ్ళి చూసి వస్తుంటాడు. మిగతా రోజంతా ఏం చెయ్యాలో తెలీదు. సముద్రం ఒడ్డున నడుస్తాడు, కేఫ్‌లు మారుస్తూ వైన్ తాగుతాడు, ఊళ్ళో పెద్దమనుషులు పేకాడుతుంటే పక్కన కూర్చుని చూస్తాడు. పారిస్‌లో తలుపులన్నీ తెరిపించే మనిషి, ఇక్కడ ఆస్పత్రి నన్ దగ్గర స్కూలు పిల్లాడిలా నిలబడతాడు. ఒకరోజు ఎవరో ఆయన కోటు జేబులో చీటీ పెడతారు, ఫలానా గదిలో ఉన్న పేషెంటుని చూడమని. ఆయన వెంటనే కదలడు. సెలవులో ఉన్నాడు కదా. ఆ అమ్మాయి చనిపోతుంది. కథ అక్కణ్ణుంచి మొదలవుతుంది.

తర్వాత ఇంకో చిన్నపిల్ల మెగ్రేకి మెట్ల మీద ఎదురవుతుంది. పేదింటి పిల్ల. ఆ పిల్లని కూడా ఆయన కాపాడలేకపోతాడు. నవలంతా మోసేది ఆ బరువునే. హంతకుడెవరో మనకి సగంలోనే అనుమానం వస్తుంది, అయినా పుస్తకం కింద పెట్టం. ఎందుకంటే ఆ పాటికి మనకి ఆ ఊరు తెలిసిపోయింది: డాక్టర్ని చూసి ఎవరు లేచి నిలబడతారు, ఎవరింటికి చేపలు ఎవరు పంపుతారు, ఏ వీధి వాళ్ళు ఏ వీధిలోకి వెళ్ళరు. ట్విస్టు లేకుండానే భయం పుడుతుంది.

సముద్రం ఒడ్డున సెలవులో ఉన్న డిటెక్టివ్ అనగానే సరిపోతుందా అంటే, సరిపోదు. అగాథా క్రిస్టీ 1932లో ఒకసారి, 1941లో ఒకసారి పాయిరోని సముద్రం ఒడ్డుకి సెలవు మీద పంపింది. రెండూ గొప్ప పజిల్స్. కానీ అక్కడ సముద్రం హోటల్ కిటికీలోంచి కనిపించే బొమ్మ. హోటల్ దాటి బయట చేపలు పట్టేవాళ్ళు ఏం తింటున్నారో పాయిరోకి అక్కర్లేదు. పాయిరోది సెలవు అని పేరే గానీ బుర్ర డ్యూటీలోనే ఉంటుంది. నేనడిగే సెలవు వేరు. అధికారం చేతిలో లేని సెలవు. జీపు లేదు, వారంటు లేదు, లాఠీ లేదు. ఎవరైనా మాట్లాడితే వినాలి, మాట్లాడకపోతే ఊరుకోవాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ముందే చెప్తున్నా, నేను డిటెక్టివ్ నవలల్ని చిన్నచూపు చూసే బాపతు కాదు. పూతలపట్టు నుంచి చిత్తూరుకి బస్సులో వెళ్ళి, అద్దె పుస్తకాల షాపులో రోజు లెక్కన డబ్బులు కట్టి చదివినవాణ్ణి. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ నాటి నుంచీ మనకి అపరాధ పరిశోధన ఉంది. ఆరుద్రంతటి వాడు ‘పలకల వెండి గ్లాసు’ రాశాడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు ఒక తరానికి ఇంటి మనుషులు. వీటి మీద పరిశోధన చేసే ఓపిక మన సాహిత్య విమర్శకి లేకపోయింది. చెత్త అని ఒక్క మాటతో తోసేసింది. ఆ తప్పు వేరే వ్యాసం.

యుగంధర్ విషయంలో ఒకటి గమనించండి. ఆయన పోలీసు కాదు. అడగాలి. అవతలివాడు చెప్పకపోతే ఇంకో దారి వెతుక్కోవాలి. అందుకే ఆ నవలల్లో ఎంత కృత్రిమంగా ఉన్నా ప్రశ్నలుంటాయి, సంభాషణలుంటాయి. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు, సీఐబీ ఏజెంటు. షాడో అంటే నాకు ప్రాణం, ఇప్పటికీ. కానీ షాడోకి అడగాల్సిన పని లేదు, కొడితే చాలు. సినిమాల్లో పోలీసు హీరో ఆ పద్ధతినే ఇంకా పైకి తీసుకెళ్ళాడు. ఇప్పుడు మన థ్రిల్లర్లో ఇంటరాగేషన్ అంటే ఒక చీకటి గది, ఒక కుర్చీ, ఒక బల్బు. అడగడం పోయి కొట్టడం వచ్చిన రోజే మన క్రైమ్ కథలోంచి ఊరు వెళ్ళిపోయింది.

తమాషా ఏంటంటే మన చట్టానికి ఉన్నపాటి అనుమానం కూడా మన కథలకి లేదు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ అదే మాటని 23వ సెక్షన్‌లో చెప్తోంది. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకే లెక్కలోకి వస్తుంది. అంటే కొడితే నిజం వస్తుందని బ్రిటిష్‌వాడు కూడా నమ్మలేదు. మన రచయిత నమ్ముతున్నాడు. క్లైమాక్సులో హంతకుడు మూడు పేజీలు గుక్క తిప్పుకోకుండా ఒప్పేసుకుంటాడు, మనం పుస్తకం మూసేస్తాం.

ఇక సముద్రం. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని బళ్ళో బట్టీ పట్టాం. అంత తీరం ఉండి మన క్రైమ్ కథలో సముద్రం ఎందుకుందంటే, స్మగ్లర్ బోటు రావడానికి, శవం తేలడానికి, హీరో హీరోయిన్ పాట పాడుకోవడానికి. 1986లో ‘చంటబ్బాయ్’ విశాఖలో నవ్వించింది. 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరులో ఒక డిటెక్టివ్‌ని నిలబెట్టి, దిక్కులేని శవాల గురించి నిజమైన ప్రశ్నే అడిగింది. అయినా ఆ శవాలు దొరికేది రైలు పట్టాల పక్కన. నెల్లూరు తీరం ఆ కథలోకి రాలేదు.

వచ్చుంటే ఏముండేదో చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో వేట నిషేధం. పడవలు ఒడ్డున, మగవాళ్ళు ఇళ్ళల్లో, అప్పులవాళ్ళు గుమ్మాల్లో. ఒక క్రైమ్ నవలకి ఇంతకంటే మంచి రెండు నెలలు ఎక్కడ దొరుకుతాయి? నెల్లూరు, ప్రకాశం తీరంలో పట్టపు పల్లెల్లో కాపులు కూర్చుని దురాయి వేస్తే ఆ మాటకి ఎదురు లేదు. ఫలానా వాడితో మాట్లాడొద్దంటే ఊరు మాట్లాడదు. అలాంటి ఊరికి సెలవు మీద వచ్చిన ఒక పోలీసు, ఎవరినైనా ఏమైనా అడిగితే ఏం జరుగుతుంది? కడలూరు వైపు నుంచి వచ్చే పెద్ద బోట్లని మనవాళ్ళు పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చిన సంఘటనలు ఎన్నిసార్లు జరిగాయో పేపరు చదివేవాళ్ళకి తెలుసు. అక్కడ దొంగ ఎవరు? వల పోయినవాడా, బోటు పోయినవాడా? 2018 చివర్లో శ్రీకాకుళం వైపు నుంచి గుజరాత్‌కి వలస వెళ్ళి వేటకి దిగిన జాలర్లు నీళ్ళ మీద కనపడని గీత దాటారని పాకిస్తాన్ జైల్లో పడ్డారు. 2020 జనవరిలో ఇంటికొచ్చారు. కనపడని గీత దాటడం నేరమైన చోట క్రైమ్ నవల ఎంత దూరం వెళ్ళొచ్చు! మనకి దాని మీద 2025లో ‘తండేల్’ వచ్చింది, ప్రేమకథగా.

ఇంకొకటి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. ఎవరు చేశారు? తెల్లారేసరికి అందరికీ సమాధానం తెలుసు. ఒక యూట్యూబర్. ఆ రాత్రి అక్కడ పార్టీ చేసుకున్నాడట. టీవీలు చెప్పాయి, వాట్సప్ గ్రూపులు చెప్పాయి, పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. కొన్ని రోజులకి పోలీసులే సీసీ ఫుటేజి చూసి, అతనికి సంబంధం లేదని చెప్పి, వేరే ఇద్దర్ని అరెస్టు చేశారు. వాళ్ళు చెప్పిన ప్రకారం జరిగింది ఇది: బోటులో మందు తాగుతూ చేప వేయించుకుంటున్న ఇద్దరు, ఆర్పకుండా విసిరిన సిగరెట్ పీక, నైలాన్ వల.

మన థ్రిల్లర్ రచయితకి ఈ ముగింపు నచ్చదు. మాఫియా లేదు, ఇన్సూరెన్స్ కుట్ర లేదు. నాకు మాత్రం ఇదే అసలైన నవల. నేను పనిచేసే చోట అర్ధరాత్రి సర్వర్ పడిపోతే మర్నాడు ఒక రివ్యూ ఉంటుంది. ఎవడి కోడ్ అని అడగకూడదు, ఇది జరగడానికి వీలు ఎక్కడెక్కడ దొరికింది అని అడగాలి. చెప్పుకోవడానికి అది కంపెనీ నీతి, పాటించేది తక్కువే. కానీ ప్రశ్న మంచిది. హార్బర్‌లో బోట్లు ఒకదానికొకటి ఆనించి ఎందుకుంటాయి? బోట్లలో డీజిల్, వంట గ్యాసు ఎందుకుంటాయి? బోటు కాలిపోతే ఓనరుకి, కళాసీకి, చేపలమ్మే ఆడమనిషికి ఎవరికెంత పోతుంది? అందరికంటే ముందు, చెయ్యని పనికి నాలుగు రోజులు ఊరందరి నోట్లో పడ్డవాడి సంగతేంటి? హంతకుణ్ణి పట్టుకునే కథల్లో పొరపాటున పట్టుకున్నవాడు పదో పేజీలో మాయమైపోతాడు. వాడి దగ్గర ఆగే ఓపిక సెలవులో ఉన్నవాడికే ఉంటుంది.

పూతలపట్టోడివి, నీకు సముద్రం గొడవెందుకు అని అడగొచ్చు. మా ఊరి దగ్గర మొదలైన రోడ్డు నాయుడుపేట వైపు, అంటే సముద్రం వైపే పోతుంది. పేపర్లో యాక్సిడెంట్ వార్త వచ్చినప్పుడల్లా పూతలపట్టు-నాయుడుపేట జాతీయ రహదారి అని మా పేరు పడుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక తిరుపతి జిల్లాకి సముద్రమే వచ్చింది. మాది చిత్తూరులోనే మిగిలింది, కాబట్టి మాకు రాలేదు. సరే. అసలు కారణం అది కాదు. సెలవులో ఉన్న పోలీసుని నేను ఒకసారి చూశాను. ఈ వ్యాసం దాని గురించే అనుకోండి.

నేను ఇంటర్ చదివే రోజులు. మా పక్క చేను వాళ్ళ బోరు దగ్గర మోటారు కేబులు కోసుకుపోయారు. రాగి కోసం. మా వైపు ఇది మామూలు దొంగతనం, కానీ ఎండాకాలంలో ఒక రైతుకి అది మామూలు నష్టం కాదు. ఊళ్ళో అందరికీ వెంటనే ఒక పేరు తోచింది. పదో తరగతి దాకా నాతో చదివి, మానేసి, ఎలక్ట్రికల్ పనికి పోతున్న కుర్రాడు. కేబులు కోయడం తెలిసినవాడు, ఊరి చివర ఇల్లు. ఇంకేం సాక్ష్యం కావాలి?

అప్పుడు మా మామ ఒకాయన, వేరే జిల్లాలో హెడ్ కానిస్టేబులు, జాతరకి వచ్చి ఉన్నాడు. చేను ఆయన వచ్చి పిలిచాడు.

“నేను లీవులో ఉండానప్పా. స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చుకో.”

“నీకు లీవేందన్నా, పోలీసోడివి! నువ్వొచ్చి ఒక్క మాట అడిగితే చాలు, వాడే కక్కేస్తాడు.”

మామ లుంగీలోనే వెళ్ళాడు. చెయ్యి ఎత్తలేదు, గొంతు పెంచలేదు. “ఏరా, ఆ పొద్దు రాత్రి యాడుండావు?” అన్నాడంతే. వాడు ఏడ్చాడు. సమాధానం చెప్పలేదు. ఏడవడమే ఒప్పుకోలు అని ఊరు తీర్మానించుకుంది. మా పక్కనే కాణిపాకం. వరసిద్ధి వినాయకుడి ముందు కోనేట్లో మునిగి ప్రమాణం చేస్తే అబద్ధం నిలవదని నమ్మకం. దొంగతనాలకీ అప్పులకీ ఇప్పటికీ చేయిస్తారు, రాజకీయ నాయకులు కూడా ఒకరినొకరు అక్కడికే రమ్మంటారు. వాణ్ణి తీసుకెళ్ళారు. వాడు తడిబట్టలతో తీయలేదని ప్రమాణం చేశాడు. సగం ఊరు నమ్మింది. మిగతా సగం, వీడికి దేవుడంటే కూడా భయం లేదంది. నెల తిరక్కుండా బెంగళూరు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కూడా చుట్టుపక్కల కేబుళ్ళు పోతూనే ఉన్నాయి. వాడి పేరు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఆ రాత్రి వాడు చిత్తూరులో సెకండ్ షో సినిమాకి వెళ్ళాడు. నాతో. ఇంట్లో నేను ఫ్రెండింట్లో చదువుకుంటున్నానని చెప్పాను. వాడు నా పేరు చెప్పలేదు. నేను వేపచెట్టు కింద నిలబడి అంతా చూశాను, నోరు తెరవలేదు. నన్నెవరూ అడగలేదు కూడా. అడిగితే చెప్పేవాణ్ణేమో. చెప్పేవాణ్ణని ఇన్నేళ్ళుగా అనుకుంటూ వస్తున్నాను.

నన్నెందుకు అడగలేదు? మామ సెలవులో ఉండి కూడా సెలవులో లేడు కాబట్టి. ఊరు ఆయనకి సెలవివ్వలేదు. ఆయన రచ్చబండ మీద రెండు పూటలు ఊరికే కూర్చుని ఉంటే, వీడికి స్నేహితులెవరు, వాళ్ళు ఎక్కడ తిరుగుతారు అని ఎవరో ఒకరు వాళ్ళంతట వాళ్ళే అనేవాళ్ళు. నా పేరు వచ్చేది. ఒక అబద్ధం దొరికేది, నాది. కేబులు దొరక్కపోయినా ఒక మనిషి ఊళ్ళో మిగిలేవాడు.

ఇక్కడ నాకు ఎదురుచెప్పే వాదన ఒకటుంది. గట్టిదే. మన దేశంలో పోలీసు సెలవులో ఉండటం అసాధ్యం, లుంగీలో ఉన్నా లాఠీ నీడ పడుతుంది, మెగ్రే ఫ్రాన్స్‌లో కుదురుతాడు గానీ ఇక్కడ కుదరడు అని. నేను చెప్పిన కథే దానికి సాక్ష్యం కదా అని కూడా అనొచ్చు. ఒప్పుకుంటాను. అందుకే రాయమంటున్నాను. సెలవు కావాలనుకునే పోలీసుకి ఊరు సెలవివ్వకపోవడం మనదైన కథ, ఫ్రాన్స్‌వాడు రాయలేని కథ. వాడు ఒక జాలరి పల్లెకి అత్తగారింటికి వచ్చాడనుకోండి. టీ కొట్టులో మొదటి ప్రశ్న ఏ ఊరు అని, రెండో ప్రశ్న, మా సీమలో అయితే, ఏమిట్లోళ్ళు అని. ఆ రెండో జవాబుతో సగం తలుపులు తెరుచుకుంటాయి, సగం మూసుకుంటాయి. మన డిటెక్టివ్‌కి కులం ఉండదు, గమనించారా? యుగంధర్‌ది ఏ కులమో మనకి తెలీదు, షాడోదీ అంతే. ఎవరి గడపలోనైనా వాళ్ళు లోపలికి పోగలరు. అంతకంటే పెద్ద ఫాంటసీ మన పాపులర్ సాహిత్యంలో ఇంకోటి లేదు.

రెండో వాదన: పాఠకుడికి స్పీడ్ కావాలి. ఇది పాఠకుణ్ణి అవమానించడం. వరసగా ఎపిసోడ్లన్నీ తెల్లారేదాకా చూసేవాడికి ఓపిక లేదని ఎలా అంటాం? వాడికి లేనిది నమ్మకం. మన నవలలో ఊరు అట్టముక్కలతో కట్టిన సెట్టు అని మొదటి చాప్టర్లోనే తెలిసిపోతుంది, అందుకే ట్విస్టు కోసం పేజీలు తిప్పేస్తాడు. ఊరు నిజమైతే వాడే ఆగుతాడు.

మూడోది, సాహిత్యం వైపు నుంచి వచ్చేది. తీరప్రాంత జీవితాన్ని రాయాలంటే సీరియస్ నవల రాయొచ్చుగా, హత్య ఎందుకు మధ్యలో? ఎందుకంటే సీరియస్ నవలలో ఊరు తన గురించి తాను చెప్పుకుంటుంది, తన బాధ చెప్తుంది. హత్య జరిగినప్పుడు ఊరు దాచుకుంటుంది. ఒక ఊరు ఏం దాచుకుంటుందో చూస్తే అది దేనికి భయపడుతుందో తెలుస్తుంది. ఆ పని క్రైమ్ నవల చేసినట్టు ఇంకేదీ చెయ్యదు.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నవాళ్ళకి నా విన్నపం, కొంచెం గద్దింపుగానే. మీ సీఐ గారి చేతిలోంచి తుపాకీ, ఫోన్, జీపు తాళాలు తీసుకోండి. వేట నిషేధం నడుస్తున్న మే నెలలో ఏదో ఒక పల్లెకి పంపండి. ఆయనకి అక్కడ చుట్టరికం ఉండాలి, కానీ అధికారం ఉండకూడదు. కులం రాయండి. భాష రాయండి, పుస్తకాల భాష కాదు. శవం ఎప్పుడు దొరికినా పర్లేదు. ఒప్పుకోలు మాత్రం వద్దు, ఒక్క పేజీ కూడా. ఏడ్చినవాణ్ణి దొంగ అనకండి.

చెట్టు కింద నోరు మూసుకుని నిలబడ్డ కుర్రాణ్ణి కూడా ఒక్కసారి అడిగించండి, ఆ పొద్దు రాత్రి నువ్వు యాడుండావు అని.